మోకాలి గుజ్జు కథ

మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడం అంటూ ఉంటాం. నా విషయంలో ఆ రెండింటికీ నిజంగానే ముడిపడింది. నా మోకాలు బాగైతే తిరుమల కొండకి నడిచి వచ్చి గుండు కొట్టించుకుంటాడని మా అమ్మ నన్ను అడక్కుండానే వెంకన్నకి మొక్కేసింది. అది కూడా మామూలు నడక కాదు. మోకాళ్ళ పర్వతం దగ్గర మెట్లు మోకాళ్ళ మీదే ఎక్కుతాడట. "మోకాలు చెడింది మొర్రో అంటుంటే మోకాళ్ళ మీద ఎక్కించడమేందమ్మా?" అని ఫోనులో గోల పెట్టాను. "అప్పటికి బాగైపోయుంటాది గదరా!" అంది.

ఆవిడ నమ్మకం ఆవిడది. ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని తేల్చుకోవాల్సింది మాత్రం నేను. తేల్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో చదివిందీ, విన్నదీ, ఇక్కడ దోహాలో చూసిందీ కలిపి రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, ప్రోగ్రాములు రాసుకునే ఇంజనీర్ని. కనక దీన్ని వైద్య సలహాగా తీసుకోకండి. ఒక మోకాలు తన వంశచరిత్ర తవ్వుకున్న కథ అనుకోండి.

శుక్రవారం షటిల్

ఇక్కడ ఖతార్‌లో వారాంతం శుక్ర, శనివారాలు. ఆదివారం నుంచి గురువారం దాకా కుర్చీకి అతుక్కుపోయే మాబోటివాళ్ళం కొందరం శుక్రవారం పొద్దున ఒక ఇండియన్ స్కూలు హాలు అద్దెకి తీసుకుని షటిల్ ఆడతాం. పోయిన అక్టోబరులో ఒక శుక్రవారం, పద్దెనిమిదేళ్ళ కుర్రాడు నెట్ దగ్గర మెల్లగా వదిలిన కాక్‌ని అందుకోబోయాను. నాకు నలభై ఆరేళ్ళన్న సంగతి నేను మరిచినా నా మోకాలు మరవలేదు. పాదం నేలకి అతుక్కుని అక్కడే ఉండిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. లోపల ఎక్కడో 'టప్'మంది. మర్నాటికి మోకాలు కొబ్బరికాయంత అయింది.

ఎమ్మారై తీశారు. కుడి మోకాలిలో లోపలివైపు నెలవంక చిరిగిందనీ, దాని పైనున్న తొడ ఎముక కొసన మృదులాస్థి చిటికెనవేలి గోరంత మేర అరిగిందనీ రిపోర్టు. మన భాషలో చెప్పాలంటే గుజ్జు పోయింది.

నేను మొదట వెళ్ళిన ప్రైవేటు క్లినిక్కులో డాక్టరుగారు బొమ్మ వంక రెండు నిమిషాలు చూసి, "వచ్చే ఆదివారం ఖాళీ ఉంది. రెండు చిన్న కన్నాలు, అరగంట పని, సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు. మీ ఇన్సూరెన్సు ఒప్పుకుంటుంది" అన్నారు. "చేయించుకోకపోతే ఏమవుతుందండీ?" అన్నాను. "చిరిగింది కదా! చిరిగిన ముక్క లోపల ఎందుకు?" అన్నారాయన.

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాలోని ఇంజనీరుకి బాగా నచ్చింది. చెడిన భాగాన్ని తీసి పారెయ్యడం కన్నా తర్కబద్ధమైన పని ఏముంటుంది? కాగితం మీద సంతకం పెట్టబోతూ ఆగిపోయాను. మా చిన్నాయన సీసా గుర్తొచ్చింది.

సీసాలో నెలవంక

మా ఊరు శ్రీకాళహస్తి దగ్గర. మా చిన్నాయన కుర్రతనంలో వాలీబాల్ బాగా ఆడేవాడట. 1976లో, ఇరవై నాలుగేళ్ళప్పుడు, నెట్ దగ్గర ఎగిరి దిగడంలో మోకాలు మెలిపడింది. మొదట మా వైపు అందరూ చేసే పనే చేశారు, పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించారు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకి పేరుపడ్డది. పాపం, ఆయనకి విరిగింది ఎముక కాదు. ఆర్నెల్లు చూసి మద్రాసు తీసుకెళ్ళారు. అక్కడ ఒక పెద్దాసుపత్రిలో మోకాలు కోసి, లోపలి నెలవంకని మొత్తంగా తీసేసి, ఒక సీసాలో మందునీళ్ళు పోసి అందులో వేసి చేతికిచ్చారు.

ఆ సీసా మా ఇంట్లో బీరువా పై అరలో ఉండేది. వేసవి సెలవుల్లో పిల్లలందరం చేరితే చిన్నాయన దాన్ని దించి చూపించేవాడు. తెల్లగా, వంకరగా, దోసకాయ చెక్కలాగా ఉండేది. "ఇది నా మోకాల్లో ఉండే చంద్రుడు రా" అనేవాడు. మేం కళ్ళు ఇంత చేసుకుని చూసేవాళ్ళం. ఆ పనికిమాలిన ముక్క పోవడంతో ఆయన మళ్ళీ ఆడగలిగాడని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. అది నిజమే. పదేళ్ళు ఆడాడు కూడా.

నేను హైస్కూలుకి వచ్చేసరికి ఆయన మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. నేను తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే రోజులకి పెళ్ళి పందిట్లో పీట మీద కూర్చోలేక కుర్చీ అడుగుతున్నాడు. కాలు విల్లులా బయటికి వంగింది. అరవై ఒకటో ఏట మోకాలు మార్పిడి చేయించుకున్నాడు. రెండో మోకాలు, అంటే చంద్రుడు లోపలే ఉన్న మోకాలు, ఈ రోజుకీ బాగానే ఉంది.

ఒకే మనిషి, ఒకే బరువు, ఒకే తిండి. తేడా ఆ సీసాలో ఉన్న ముక్కే. మరి అది పనికిమాలినదని ఎవరన్నారు? ఎప్పుడన్నారు? నా వెతుకులాట అక్కడ మొదలైంది.

ఇరుసూ కందెనా

ముందుగా ఒక చిక్కు విప్పాలి. మనం గుజ్జు అనే ఒక్క మాటతో రెండు వేరు వేరు వస్తువుల్ని పిలుస్తున్నాం. ఒకటి, ఎముకల కొసల మీద అతికినట్టుండే నున్నటి తెల్లటి పొర. దీని మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు, పుస్తకాల్లో పేరు మృదులాస్థి. రెండోది, తొడ ఎముకకీ కాలి ఎముకకీ మధ్య లోపలొకటీ బయటొకటీ ఉండే రెండు వంకర దిండ్లు. డాక్టర్లు వీటిని మెనిస్కస్ అంటారు. గ్రీకులో దానికి అర్థం నెలవంకే. చిన్నాయన ఊరికే అన్న మాట నిఘంటువుకి సరిపోయింది.

మన పూర్వులు ఈ కీళ్ళ గురించి ఆలోచించకపోలేదు. సుశ్రుతుడు ఎముకల్ని ఐదు రకాలుగా విడదీసి, మెత్తటివాటికి తరుణాస్థి అని పేరు పెట్టాడు. ఆయన చెప్పిన 107 మర్మస్థానాల్లో మోకాలు ఒకటి. అక్కడ దెబ్బ తగిలితే మనిషి కుంటివాడవుతాడని రాశాడు. ఇరుసుకి కందెన పెడితే బండిచక్రం హాయిగా తిరిగినట్టే, కీళ్ళలోని శ్లేష్మం వల్ల కీళ్ళు సాఫీగా కదులుతాయనీ చెప్పాడు. ఎడ్లబండి ఎక్కినవాడెవడూ ఆ పోలికని మరవలేడు.

పడమటి దేశాల్లో ఈ విషయం మీద పేరుపొందిన వ్యాసం లండన్‌లోని రాయల్ సొసైటీ పత్రికలో 1743లో విలియం హంటర్ రాసింది. మృదులాస్థి ఒకసారి పాడైతే తిరిగి కోలుకోదని ఆయన ఆనాడే తేల్చి చెప్పాడు. కారణం తరవాతివాళ్ళు వివరించారు. ఆ పొరలో రక్తనాళాలుండవు. చర్మం తెగితే రక్తం వచ్చి, గడ్డకట్టి, పక్కు కట్టి మానుతుంది. రక్తమే లేనిచోట మాన్పడానికి సరుకెక్కణ్ణుంచి వస్తుంది? అందులో నరాలు కూడా లేవు. అందుకే అరుగుతున్నన్నాళ్ళూ మనకి తెలియదు, తెలిసేసరికి చాలా అరిగిపోయి ఉంటుంది.

తీసెయ్యమన్న కాలం

నెలవంకల చరిత్ర ఇంకా చిత్రమైనది. 1883 నవంబరులో ఎడిన్‌బరో నగరంలో థామస్ ఆనన్‌డేల్ అనే సర్జను ఒక గని కార్మికుడి మోకాలు తెరిచి, జారిపోయిన నెలవంకని దాని చోటికి లాగి కుట్టేశాడు. తీసెయ్యలేదు, కుట్టాడు. గని కార్మికుడంటే వంగీ, కూర్చునీ, మోకాళ్ళ మీద పాకీ పనిచేసే మనిషి.

అదే దారిలో అందరూ నడిచి ఉంటే మా చిన్నాయన ఈ రోజు పీట మీద కూర్చునేవాడేమో. కాని ఆ శతాబ్దం చివర్లో బ్లాండ్-సటన్ అనే ఇంగ్లీషు శరీరశాస్త్రజ్ఞుడు, నెలవంకలు ఒకప్పటి కాలికండరం తాలూకు మిగుళ్ళనీ, వాటికి ఇప్పుడే పనీ లేదనీ రాశాడు. పెద్దవాళ్ళ మాట చద్దిమూట. పనిలేని ముక్క చిరిగితే దాన్ని దాచుకోవడం దేనికి? మొత్తంగా తీసెయ్యడమే మంచి పద్ధతి, కొంచెం మిగిల్చినా మళ్ళీ చిరుగుతుంది అన్న ఆలోచన కొన్ని తరాల సర్జన్లకి పాఠమైపోయింది.

తప్పని చెప్పినవాళ్ళు లేకపోలేదు. 1936లో డాన్ కింగ్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, నెలవంక అంచు దగ్గరి చిరుగులు వాటంతటవే మానగలవనీ, నడిమి చిరుగులు మానవనీ చూపించాడు. ఎందుకంటే అంచుకి మాత్రం రక్తం అందుతుంది. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే బ్రిటిష్ సర్జను నెలవంక తీసేసినవాళ్ళ మోకాళ్ళ ఎక్స్‌రేలు వరసగా పరిశీలించాడు. ఎముకల మధ్య జాగా తగ్గింది, ఎముక కొస చదునైంది, అంచున గట్టు కట్టింది. నెలవంక బరువు మోస్తోంది కాబోలు, అది పోతే బరువంతా మృదులాస్థి మీద పడుతోంది కాబోలు అన్నాడు. తరవాత లెక్కలు కట్టి చూస్తే ఆయన మాటే నిజమైంది. కాలు చాపినప్పుడు మోకాలి మీది బరువులో దాదాపు సగం, 90 డిగ్రీలు మడిచినప్పుడు 85 శాతం దాకా ఈ నెలవంకల మీదుగానే దిగుతుంది.

ఫెయిర్‌బ్యాంక్ రాసింది 1948లో. చిన్నాయన మోకాలు కోసింది 1976లో. మధ్యలో 28 ఏళ్ళు. ఆ మద్రాసు డాక్టరు చేతకానివాడు కాదు, మోసగాడు అంతకన్నా కాదు. తనకి నేర్పింది తను శ్రద్ధగా చేశాడు. పైగా ఆపరేషనైన ఏడాదికల్లా రోగి లేచి ఆడుతుంటే తను చేసింది తప్పని ఏ సర్జనుకి తోస్తుంది? మోకాలు తన తీర్పు ఇరవై ఏళ్ళ తరవాత ఇస్తుంది. అప్పటికి రోగి ఎక్కడో, డాక్టరు ఎక్కడో.

కింద కూర్చునేవాళ్ళ కానుక

కథ ఇక్కడ జపాన్‌కి మళ్ళుతుంది. జపాన్‌లో కెంజి తకగి అనే టోక్యో డాక్టరుకి ఒక బాధ పట్టుకుంది. ఆ రోజుల్లో క్షయ మోకాలికి కూడా పాకి, మోకాలు కర్రలా బిగుసుకుపోయేది. కుర్చీల్లో కూర్చునేవాళ్ళు దాంతో ఎలాగో నెట్టుకొస్తారు. కాని నేల మీద మోకాళ్ళు మడిచి కూర్చుని తినే, పలకరించుకునే, ప్రార్థించే జనానికి బిగిసిన మోకాలంటే బతుకే బిగిసినట్టు. జబ్బుని ముందుగానే కనిపెట్టాలంటే లోపల చూడాలి. 1918లో ఆయన మూత్రాశయాన్ని చూసే గొట్టాన్ని ఒక శవం మోకాల్లో దూర్చి చూశాడు. మోకాళ్ళలోకి తొంగిచూసే ఆర్థ్రోస్కోపుకి అదొక తొలి అడుగు. ఆ కాలంలోనే డెన్మార్క్‌లో, స్విట్జర్లాండ్‌లో కూడా ఒకరిద్దరు ఆ ప్రయత్నాలే చేశారు.

ఆ చదువుతుంటే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. పీటలు, విస్తళ్ళు, వ్రతాలు, నేల మీద పడకలు. ఇక్కడ మా ఆఫీసులో పక్క సీటు మిత్రుడు రోజూ నమాజుకి మోకాళ్ళ మీద వంగుతాడు. ఇక్కడివాళ్ళ మజ్లిస్‌లో నేల మీద కూర్చుని ఒకే పళ్ళెంలో భోంచేస్తారు. మోకాలి విలువ కుర్చీ జాతులకన్నా చాప జాతులకే ఎక్కువ తెలుసు.

తకగి శిష్యుడు మసాకి వతనబే ఆ గొట్టాన్ని మళ్ళీ మళ్ళీ మార్చి, 21వ నమూనా దగ్గర పనికొచ్చే పరికరం తయారుచేశాడు. 1962 మే 4న పదిహేడేళ్ళ బాస్కెట్‌బాల్ ఆటగాడి మోకాల్లో చిన్న కన్నం ద్వారా, నెలవంకలో చిరిగిన మేరకే కత్తిరించి తీశాడు. మొత్తం తీసెయ్యక్కర్లేదని చేసి చూపించాడన్నమాట. 1964 టోక్యో ఒలింపిక్స్ కాలంలో అక్కడికి వెళ్ళిన రాబర్ట్ జాక్సన్ అనే కెనడా డాక్టరు ఈ విద్య వతనబే దగ్గర నేర్చుకుని అమెరికా ఖండానికి మోసుకెళ్ళాడు. బదులుగా వతనబేకి ఇంగ్లీషు నేర్పాడని చెప్తారు.

మా చిన్నాయన మోకాలు నిలువునా కోసేనాటికి, టోక్యోలో ఆ పని రెండు కన్నాలతో చెయ్యడం మొదలై పద్నాలుగేళ్ళయింది.

ఉత్తుత్తి ఆపరేషన్

ఇంతవరకూ చదివాక, "సరే, ఇప్పుడు కన్నాల పద్ధతి వచ్చింది, చిరిగినంతే తీస్తారు, ఇంకేం భయం?" అనుకున్నాను. అప్పుడు రెండో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఈయన ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే సూడాన్ దేశపు పెద్దాయన. ఎమ్మారై బొమ్మ చూడకుండానే నన్ను మూడు ప్రశ్నలడిగారు. "నడుస్తుంటే మోకాలు మధ్యలో తాళం వేసినట్టు పట్టేస్తోందా? కాలు పూర్తిగా చాపగలుగుతున్నావా? ఏడాది తరవాత ఈ కాలితో ఏం చెయ్యాలనుంది?" పట్టెయ్యడం లేదనీ, చాపగలననీ, షటిల్ ఆడాలనుందనీ, కొండెక్కాలనీ చెప్పాను. కొండ అంటే ఏమిటో ఆయనకి వివరించడానికి కొంచెం సమయం పట్టింది.

తరవాత ఆయన చెప్పిన సంగతి విని నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి చదివితే అక్షరాలా నిజమే.

అమెరికాలో హ్యూస్టన్ నగరంలో మాజీ సైనికుల ఆసుపత్రిలో, మోకాళ్ళు అరిగిన 180 మందిని చీట్లు వేసినట్టు మూడు గుంపులు చేశారు. ఇద్దరు గుంపులవాళ్ళకి కన్నాల ద్వారా మోకాలు కడిగారు, లేదా కడిగి లోపల నునుపు చేశారు. మూడో గుంపుకి మత్తిచ్చి, చర్మం మీద మూడు గాట్లు పెట్టి, ఆపరేషన్ చేస్తున్నట్టే హడావిడి చేసి, ఏమీ చెయ్యకుండా కుట్టేశారు. ఎవరికేం చేశారో రోగులకి చెప్పలేదు. ఇలా చేస్తామని ముందే ఒప్పుకున్నవాళ్ళనే తీసుకున్నారు. రెండేళ్ళు చూసినా మూడు గుంపులకీ నొప్పిలో తేడా లేదు. 2002లో ఈ ఫలితం అచ్చయింది.

అది అరిగిన మోకాళ్ళ సంగతి, నాది చిరిగిన నెలవంక కదా అంటారా? ఫిన్‌లాండ్‌లో ఐదు ఆసుపత్రుల్లో అదీ చేశారు. దెబ్బ తగలకుండా, వయసుతో నెలవంక చిరిగిన 146 మందిని తీసుకుని, సగం మందికి నిజం ఆపరేషన్, సగం మందికి ఉత్తుత్తిది. ఏడాది తరవాత ఇద్దరూ సమానమే. ఇది 2013లో వచ్చింది. అదే ఏడాది అమెరికాలో 351 మంది మీద ఇంకో పరీక్ష వచ్చింది. నెలవంక చిరిగి, కొంత అరుగుదల కూడా ఉన్న, 45 ఏళ్ళు పైబడినవాళ్ళు, అంటే నాబోటివాళ్ళు. ఆపరేషన్ గుంపూ, వ్యాయామం గుంపూ ఆరు నెలలకి దాదాపు ఒకేలా ఉన్నాయి. కాకపోతే వ్యాయామం గుంపులో 30 శాతం మంది తట్టుకోలేక ఆరు నెలల్లోపే ఆపరేషన్‌కి మారారు. ఆ 30 శాతాన్ని దాచిపెట్టకూడదు.

నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం 2008 నాటి ఇంకో లెక్క. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో 50 ఏళ్ళు దాటిన 991 మందికి, నొప్పి ఉన్నా లేకపోయినా, ఎమ్మారై తీశారు. నెలవంక చిరిగి ఉన్నవాళ్ళలో 61 శాతం మందికి ఆ ముందు నెలలో మోకాలి బాధే లేదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇది కొత్త కాదు. పాత సిస్టమ్ లాగ్ తెరిస్తే హెచ్చరికలు వందల్లో ఉంటాయి. మనల్ని రాత్రి నిద్రలేపిన తప్పుకి వాటిలో ఏది కారణమో తెలియకుండా కనిపించిందల్లా దిద్దితే ఉన్నది కూడా చెడుతుంది. నా చిరుగు ఆ శుక్రవారం పుట్టిందా, అంతకుముందే ఉందా? "సగం అదీ, సగం ఇదీ అయ్యుండొచ్చు" అన్నారు పెద్దాయన.

అలాగని ఆపరేషన్లన్నీ దండగ అనడం కూడా తప్పే. చిరిగిన ముక్క మడతపడి మోకాలు తాళం వేసినట్టు బిగిసిపోతే కత్తి కావాలి. కుర్రవాళ్ళకి ఆటలో అంచు దగ్గర చిరిగితే కుట్టడమే మేలు. 1883లో ఆనన్‌డేల్ చేసిన పనికే మళ్ళీ వచ్చాం.

గోపీచంద్, సైనా

షటిల్ ఆడే తెలుగువాడు మోకాలి మాటెత్తి గోపీచంద్‌ని తలుచుకోకుండా ఎలా ఉంటాడు? 1994లో ఆడుతూ ఆడుతూ మోకాలు తీవ్రంగా దెబ్బతింది. ఆపరేషన్లయ్యాయి. ఆ కాలితోనే 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ప్రకాష్ పదుకొనే తరవాత 21 ఏళ్ళకి. నేనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరాను. మర్నాడు ఆఫీసులో పని జరగలేదు. ఆపరేషన్ లేకుండా ఆ ట్రోఫీ లేదు.

ఆయన శిష్యురాలిగా ఎదిగిన సైనా నెహ్వాల్ 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో మోకాలి నొప్పితో ఆడి ఓడిపోయింది. ఆ నెలలోనే ముంబైలో ఆపరేషన్. 2017లో ప్రపంచ పోటీల్లో కంచు, 2018లో కామన్‌వెల్త్ క్రీడల్లో సింధు మీద గెలిచి బంగారం. 2024లో ఆవిడే చెప్పింది, మోకాళ్ళు అరిగాయనీ, గుజ్జు బాగోలేదనీ, గంటల తరబడి సాధన చెయ్యలేకపోతున్నాననీ. ఆవిడకప్పుడు 34 ఏళ్ళు.

ఈ ఇద్దరి కథల్లోంచి నాకు తెలిసింది ఒకటే. ఆపరేషన్ కొన్ని ఏళ్ళు ఇవ్వగలదు, కొత్త మోకాలు ఇవ్వలేదు. ఆ కొన్ని ఏళ్ళలో ఆల్ ఇంగ్లండ్ గెలిచే మనిషికి ఆ బేరం గిట్టుబాటే. శుక్రవారం పొద్దున కాఫీ పందెం ఆడే నాకు?

మృదులాస్థిని పెంచి నాటడం కుదరదా అని కూడా అడిగాను. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో పీటర్సన్, బ్రిట్‌బర్గ్ అనే డాక్టర్లు 1987 నుంచి ఆ పని చేస్తూ, 1994లో 23 మంది ఫలితాలు ప్రకటించారు. రోగి మోకాల్లోంచే చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో కణాల్ని పెంచి, నారు పోసి నాటినట్టు తిరిగి నాటడం. వినడానికి వరిమడిలా ఎంత బాగుందో! కాని నార్వేలో 80 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి ఈ నాట్లు వేసి, ఇంకొకరికి ఎముకకి సన్నటి కన్నాలు పొడిచి రక్తం రప్పించే చవక పద్ధతి చేసి చూస్తే, 15 ఏళ్ళ తరవాత కూడా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గోరంత అరుగుదలకి అంత తతంగం అక్కర్లేదన్నారు పెద్దాయన.

జగిత్యాల అన్న

ఫిజియోథెరపీ గది బయట బల్ల మీద నాకొక అన్న పరిచయమయ్యాడు. జగిత్యాల దగ్గరి ఊరు. పన్నెండేళ్ళుగా ఖతార్‌లో గచ్చుకి టైల్స్ వేసే పని. 2022 ప్రపంచ కప్ కోసం లేచిన భవనాల్లో కొన్నింటి నేలలు ఆయన మోకాళ్ళ మీద కూర్చుని పరిచినవే. "గోడకైతే నిలవడి పెడ్తం సారూ, గచ్చుకైతే పొద్దుందాక మోకాళ్ళ మీదనే" అన్నాడు. రెండు నెలల కింద మోకాలు వంచి లేవబోతే బిగిసిపోయింది. కాలు పూర్తిగా చాపలేకపోతున్నాడు. పెద్దాయన నన్నడిగిన మొదటి రెండు ప్రశ్నలకీ ఈయన దగ్గర ఉన్న జవాబులు నా జవాబులకి సరిగ్గా తలకిందులు. ఆపరేషన్ కావలసిన మోకాలంటే అదీ.

"చెయ్యమన్నరు సారూ. జేపిస్తె ఎన్నాళ్ళు మోకాలు మీద కూసోవద్దంటరో ఏమో. కూసోనోణ్ణి కంపెనీ ఉంచుకుంటదా? ఇంటికాడ అప్పున్నది" అన్నాడు. ఆయన కంపెనీ ఏదో నేనిక్కడ రాయను. నాకు తెలిసిన సంఘం పెద్దలతో మాట్లాడించాను. కాగితాలు నడుస్తుండగానే ఆయన చుట్టీ మీద ఇంటికెళ్ళిపోయాడు. తరవాత కరీంనగర్‌లో చేయించుకుంటానని ఒక్కసారి ఫోను చేశాడు. ఇప్పుడా నంబరు పలకడం లేదు.

ఈ ఊళ్ళోనే, 2006 ఆసియా క్రీడలు జరిగిన స్టేడియం పక్కన, ఆస్పెటార్ అనే ఆసుపత్రి ఉంది. 2007లో మొదలైంది. దేశదేశాల ఆటగాళ్ళు తమ మోకాళ్ళు బాగుచేయించుకోవడానికి అక్కడికి వస్తారు. ఆ రోడ్డు మీద వెళ్ళినప్పుడల్లా నాకు ఆ అన్న మోకాలు గుర్తొస్తుంది. ఆపరేషన్ అక్కర్లేని నాకు వచ్చే ఆదివారమే ఖాళీ దొరికింది. కావలసిన ఆయనకి సెలవు దొరకలేదు. చేయించుకోవాలా వద్దా అని మూడు నెలలు ఆలోచించే తీరిక కూడా ఒక భాగ్యమేనని అప్పుడు తెలిసింది.

గోడకుర్చీ

చివరికి ఒక తెల్లకాగితం తీసుకుని ఆఫీసులో రాసుకున్నట్టే రాసుకున్నాను. మూడు నెలలు వ్యాయామం. మోకాలు ఒక్కసారి తాళం పడినా, మూడు నెలలకి మెట్లు దిగడం సులువు కాకపోయినా ఆపరేషన్. అప్పుడు కూడా తీసెయ్యడం కాదు, కుట్టగలిగితే కుట్టడం, లేకపోతే వీలైనంత మిగల్చడం. కింద నేనూ మా ఆవిడా సంతకాలు పెట్టాం.

వ్యాయామం నేర్పిన మలయాళీ అమ్మాయి మొదటి రోజే గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడమంది. నాకు నవ్వాగలేదు. ఎక్కం తప్పు చెప్పినందుకు మా లెక్కల మాస్టారు వేయించిన గోడకుర్చీయే అది! తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద పడే బరువుని అది పంచుకుంటుందట. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద 4 కిలోల దాకా భారం తగ్గుతుందని 2005లో ఒక లెక్క కట్టారు. ఆరు కిలోలు తగ్గాను. ఊరగాయలోని నూనెకీ నాకూ మధ్య జరిగిన యుద్ధం ఇంకో వ్యాసానికి సరిపోతుంది.

మూడు నెలలయ్యాక పెద్దాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. మెట్లు దిగుతున్నాను. తాళం పడలేదు. చల్లటి సాయంత్రాల్లో కార్నిష్ 7 కిలోమీటర్లూ నడుస్తున్నాను. నొప్పి పోయిందని అబద్ధం చెప్పను. ఎక్కువసేపు కింద కూర్చుని లేస్తే గుర్తుచేస్తుంది. శుక్రవారాలు డబుల్స్ మాత్రమే ఆడుతున్నాను, నెట్ దగ్గర పడ్డ కాక్‌లన్నీ భాగస్వామివే. రేపు ఇది తిరగబడితే కాగితం ఉండనే ఉంది.

చిన్నాయనకి ఫోను చేసి నా నిర్ణయం చెప్పాను. ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది కూడా అడిగేశాను, ఆ మద్రాసు డాక్టరు మీద కోపం లేదా అని. కాసేపు మాట్లాడలేదు. "కోపమెందుకు రా అబ్బీ? ఆయనకి తెలిసింది ఆయన చేసినాడు. నా ముక్క తీసేటప్పుడు తియ్యాల్నా వద్దా అని నన్ను ఎవురూ అడగలా. నాకూ అడగొచ్చని తెలీదు. నిన్ను అడగతా ఉండారు, నువ్వూ అడగతా ఉండావు. అదే మేలు" అన్నాడు.

తరవాత, "ఆ సీసా ఇంకా ఉండాది. వచ్చినప్పుడు తీస్కపో. నీ బిడ్డలకి చూపీ" అన్నాడు.

ఈ వేసవిలో వెళ్తున్నాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు. కొండని కాళ్ళతో తొక్కకూడదని రామానుజులవారు మోకాళ్ళ మీద ఎక్కారని ఐతిహ్యం ఉన్న ఆ చోట ఏం చెయ్యాలన్న దాని మీద అమ్మకీ మలయాళీ అమ్మాయికీ మధ్య నా ద్వారా రాయబారాలు నడిచాయి. నడక వరకూ సరే, మోకాళ్ళ మీద మాత్రం వద్దని ఆ అమ్మాయి ఖండితంగా చెప్పింది. అమ్మ రెండు రోజులు ఆలోచించి, ఆ మెట్లకి పసుపూ కుంకుమా తనే రాస్తాననీ, స్వామికి తను సర్దిచెప్పుకుంటాననీ అంది.

గుండు విషయంలో మాత్రం తగ్గలేదు.